వీసా, స్థితి, పని అనుమతి: విశాఖ తీరపు వలసల నేపథ్యంలో అమెరికా విద్యార్థి వీసా చరిత్ర

1. ఒక మాట, మూడు అర్థాలు

తెలుగు వ్యవహారంలో 'వీసా' అనే ఒక్క మాట మూడు వేర్వేరు విషయాలను మోస్తున్నది. పాస్‌పోర్టు మీద కాన్సులేటు వేసే ముద్ర మొదటిది. ఆ దేశపు గుమ్మం దాకా వెళ్ళి లోపలికి రానిమ్మని అడిగే అర్హత మాత్రమే అది. లోపలికి వెళ్ళిన తరువాత ఏ షరతుల మీద ఉండవచ్చునో చెప్పేది రెండవది; చట్టభాషలో 'స్టేటస్' అనే దీనిని ఈ వ్యాసంలో 'స్థితి' అని వ్యవహరించడమైనది. జీతానికి పని చేసే అనుమతి మూడవది. ముద్ర గడువు తీరినా స్థితి నిలిచి ఉండవచ్చు. ముద్రకు ఇంకా మూడేళ్ళ గడువున్నా స్థితి ఈరోజే పోవచ్చు. స్థితి నిక్షేపంగా ఉన్నా పని చేసే హక్కు లేకపోవచ్చు. విశాఖపట్నం ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీలలో జరిగే మాటల్లో గానీ, పిల్లలను పంపే తల్లిదండ్రుల మాటల్లో గానీ మూడింటికీ 'వీసా' ఒక్కటే పేరు. పదజాల లోపంగా కనిపించే ఈ కలగాపులగం వెనుక ఒక శతాబ్దపు చట్టచరిత్ర ఉంది. 2011లోనూ 2019లోనూ వందలాది తెలుగు విద్యార్థులు చిక్కుకుపోయింది ఈ మూడింటి మధ్య ఉన్న సందులోనే.

2. రంగం నుంచి బోస్టన్‌కు

విశాఖ తీరానికి సముద్రం దాటడం కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల మీదుగా వేలాది మంది బర్మాకు తరలిపోయారు. ఉత్తరాంధ్ర పల్లెలకు రంగూన్ 'రంగం' అయింది. మేస్త్రీ ముందుగా ఇచ్చిన సొమ్ము తీర్చడానికి అక్కడి ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను పని చేయడం ఆ వలసకు మూలసూత్రం. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కనుక అక్కడికి పోవడానికి వీసా ప్రసక్తి లేదు. అక్కడ నిలబడడానికి పనే ఆధారం. 1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోసం సమ్మెకు దిగినప్పుడు యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. రాజీ కుదిరాక వారిని తీసేయడంతో చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను దాడితో మిగిలినవారిలో ఎందరో కాలినడకన స్వదేశం దారి పట్టారు.

విద్యార్థి వలస ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ ఉనికికి ఆధారం చదువు, పని మినహాయింపు. అయితే అప్పు మాత్రం రెండింటికీ ఉమ్మడి. చరిత్రకారులు కూలీ వలసను ఒక అధ్యాయంగా, విద్యావంతుల వలసను వేరొక అధ్యాయంగా రాయడం అలవాటు. అప్పు వైపు నుంచి చూస్తే ఆ రెండు అధ్యాయాల మధ్య గోడ అంత దృఢమైనది కాదు.

అమెరికాలో తెలుగు విద్యార్థి చరిత్రకు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం తొలి ఘట్టాలలో ఒకటి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ఆసరాతోను, మామగారు సమకూర్చిన సొమ్ముతోను ఆయన 1920ల ఆరంభంలో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పరిచారకుడిగా పని చేశారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన శాస్త్రవేత్త అంతకుముందు రాత్రులు రోగుల పాత్రలు కడిగి చదువుకున్నవాడు. నేటి నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ ప్రాంగణం వెలుపల అటువంటి పనికి ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా చేస్తే స్థితి పోతుంది.

ఆ రోజుల్లో భారతీయులకు అమెరికా తలుపు దాదాపు మూసి ఉంది. 1917 చట్టం ఆసియాలో అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించి విద్యార్థులకు మాత్రం సడలింపు ఇచ్చింది. భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు 1923 ఫిబ్రవరిలో భారతీయులకు పౌరసత్వార్హత లేదని తేల్చింది. 1924 వలస చట్టం విద్యార్థిని ప్రత్యేక వర్గంగా గుర్తిస్తూ రెండు షరతులు పెట్టింది: విద్యార్థి కేవలం చదువు కోసమే రావాలి, అతడు చదువు మానితే ఆ సంగతిని విద్యాసంస్థ కార్మిక శాఖ కార్యదర్శికి తెలియజేయాలి. తరువాతి ఎనభై ఏళ్ళలో పెరిగిన నిఘా వ్యవస్థకు బీజం ఈ రెండో షరతులోనే ఉంది. విద్యార్థులను పర్యవేక్షించే బాధ్యత విద్యాశాఖకు కాక కార్మిక శాఖకు దక్కడం గమనార్హం. ఆర్థిక మాంద్యం ముదిరిన 1932లో ఆ శాఖే విదేశీ విద్యార్థుల జీతపు పనిని నిషేధించే ప్రయత్నం చేసింది. చదువుకూ పనికీ మధ్య గీత గీసింది విద్యావిధానం కాదు, స్థానిక కార్మికుల ఉపాధి గురించిన భయం. ఆ భయం హెచ్చుతగ్గులను బట్టే ఆ గీత జరుగుతూ వచ్చింది.

1946 జూలైలో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హతను, ఏడాదికి 100 మంది కోటాను ఇచ్చింది. సుబ్బారావు 1948లో మరణించే నాటికి అమెరికా పౌరుడు కాలేదు.

3. తిరిగి వస్తానన్న మాట

1952 చట్టంతో నేటి ఎఫ్ తరగతి వీసా రూపు దిద్దుకుంది. స్వదేశంలోని నివాసాన్ని వదులుకునే ఉద్దేశం లేదని దరఖాస్తుదారు నిరూపించుకోవాలి. నిరూపించేదాకా అతడిని స్థిరపడడానికి వచ్చినవాడిగానే భావించాలని 214(బి) సెక్షను చెబుతుంది. 2008 అక్టోబరులో హైదరాబాదులో కాన్సులేటు తెరుచుకునే వరకు విశాఖ విద్యార్థులు ఈ పరీక్షకు రైలెక్కి మద్రాసు వెళ్ళేవారు. 2021లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికన్ కార్నర్ ఏర్పడినా ముద్ర కోసం హైదరాబాదు ప్రయాణం తప్పలేదు.

1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల పట్టభద్రులు 1965 చట్టం తరువాత పెద్ద సంఖ్యలో అమెరికా చేరారు. వారి వలస వేరు: వైద్యుల కొరత ఉన్న దేశం వారిని పనికే పిలిచింది. ఇంజనీరింగు విద్యార్థుల విషయంలో పిలుపు అంత సూటిగా లేదు. 1990 చట్టం ఏడాదికి 65,000 పరిమితితో హెచ్-1బి తరగతిని సృష్టించింది. 1992 నిబంధనలు చదువు తరువాత 12 నెలల ఐచ్ఛిక ప్రాక్టికల్ శిక్షణకు, అంటే ఓపీటీకి, నేటి రూపం ఇచ్చాయి. శాస్త్ర సాంకేతిక విద్యార్థులకు 2008లో మరో 17 నెలలు కలిశాయి. 2016లో అవి 24 అయ్యాయి. 2004 చట్టం అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 హెచ్-1బిలు కేటాయించింది. వీసా కిటికీ దగ్గర తిరిగి వస్తానని చెప్పించుకున్న రాజ్యమే లోపలికి వెళ్ళాక ఉండిపోవడానికి మెట్లు కట్టింది. ఈ వైరుధ్యాన్ని విద్యార్థి కపటంగా చిత్రించడం న్యాయం కాదు. అది చట్టంలోనే ఉంది.

ఇటువైపు 2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం విదేశీ చదువును మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చింది. 1992 ఆగస్టులో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, పోర్టు ఉద్యోగుల ఇళ్ళలో నెలజీతం, తాకట్టు పెట్టగల ఇల్లు రెండూ ఉన్నాయి. ఆ పథకంలో చదువు ముగిశాక ఏడాదికి, లేదా ఉద్యోగం దొరికిన ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు వాయిదాలు మొదలయ్యేవి. ఓపీటీ తొలి గడువు కూడా ఏడాదే. ఇక్కడి బ్యాంకు గడియారమూ అక్కడి వలస శాఖ గడియారమూ ఒకే లెక్కన నడవడం యాదృచ్ఛికమే కావచ్చు. వాటి మధ్య పడినవాడికి మాత్రం అది యాదృచ్ఛికంగా తోచదు.

4. గంటల లెక్క

స్థితిని నిలుపుకోవడమంటే ఆచరణలో లెక్కలు తప్పకుండా చూసుకోవడం. ప్రతి సెమిస్టరులో పూర్తి కోర్సు భారం ఉండాలి. అందులోకి ఆన్‌లైన్ తరగతి ఒక్కటి మాత్రమే లెక్కకు వస్తుంది. తరగతులు నడిచే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. చదువులో భాగమైన శిక్షణకు, అంటే సీపీటీకి, సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తి కావాలి. అయితే తొలినాటి నుంచే శిక్షణ తప్పనిసరైన పైచదువులకు మినహాయింపు ఉంది. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు చేస్తే ఆ స్థాయి చదువుకు ఓపీటీ హక్కు పోతుంది. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటరాదు.

ఈ లెక్కలన్నీ 2003 నుంచి సెవిస్ అనే కంప్యూటరు వ్యవస్థలో నమోదవుతున్నాయి. 1996 చట్టంలోనే దీనికి ఆదేశం ఉన్నా, 2001 సెప్టెంబరు దాడుల తరువాతే అది వేగం పుంజుకుంది. దాడుల్లో చనిపోయిన ఇద్దరు హైజాకర్లకు విద్యార్థి స్థితి మంజూరైనట్టు 2002 మార్చిలో వారి విమాన శిక్షణ పాఠశాలకు ఉత్తరాలు చేరడం వలస శాఖను నవ్వులపాలు చేసింది. ఆ పరాభవానికి మూల్యం తరువాతి విద్యార్థులు చెల్లించారు.

5. ట్రైవ్యాలీ, ఫార్మింగ్టన్

తొలిరోజు సీపీటీ మినహాయింపు చుట్టూ ఒక వ్యాపారం పెరిగింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అధికారులు దాడి చేశారు. సుమారు 1,500 మంది విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఆంధ్రప్రదేశ్ వారే ఎక్కువ. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో ఉంది. కొందరు విద్యార్థుల చీలమండలకు జాడ తెలిపే పరికరాలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. సంస్థ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. ఆమెకు సెవిస్‌లో నమోదు చేసే అధికారం ఇచ్చింది ప్రభుత్వమే. ఆ జాబితాలో పేరు చూసి ఫీజు కట్టినవాడు మోసం చేశాడా, మోసపోయాడా అన్న ప్రశ్నకు జవాబు విద్యార్థిని బట్టి మారుతుంది.

2019లో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని నడిపింది వలస శాఖ రహస్య అధికారులే. దానికి అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. గుర్తింపు ఉన్నట్టు మాత్రం బయటికి కనిపించింది. జనవరి చివర ఎనిమిది మంది దళారులపై అభియోగాలు వెలువడ్డాయి. తొలి విడతలో అరెస్టైన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఏడాది చివరికి అరెస్టులు సుమారు 250కి చేరాయి. విద్యార్థులకు విషయం ముందే తెలుసని ప్రభుత్వ వాదన. తరగతి లేని చోట చదువు లేదని తెలియకుండా ఉండదన్నది కాదనలేని మాట. కానీ చేరాక తరగతుల కోసం అడిగినవారు, అనుమానం వచ్చి వేరే సంస్థకు మారినవారు కూడా ఆ విద్యార్థులలో ఉన్నారు. కట్టిన ఫీజు తిరిగి ఇప్పించాలని ఒక విద్యార్థి వేసిన దావాను దిగువ కోర్టు కొట్టివేయగా, ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2024లో దానిని పునరుద్ధరించింది.

6. నమోదు పోతే ఏది పోయినట్టు?

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది భారత్ చైనాను దాటింది. ఏడాది తిరగగానే, 2025 ఏప్రిల్‌లో, వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ నమోదులు ముందస్తు సూచన లేకుండా రద్దయ్యాయి. చిన్నపాటి ట్రాఫిక్ కేసులు తప్ప మరేమీ లేనివారూ, కోర్టు కొట్టేసిన కేసులున్నవారూ వారిలో ఉన్నారు. విద్యార్థులు ఎక్కడికక్కడ కోర్టుల తలుపు తట్టారు. అక్కడ ప్రభుత్వ న్యాయవాదులు చేసిన వాదన ఆశ్చర్యకరమైనది: సెవిస్‌లో నమోదు రద్దు కావడం వేరు, స్థితి రద్దు కావడం వేరు, మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. అలాగైతే ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నవాడు మరునాడు పనికి వెళ్ళవచ్చునా అని న్యాయమూర్తులు అడిగిన చోట సూటి సమాధానం రాలేదు. ఏప్రిల్ 25న నమోదులను పునరుద్ధరిస్తున్నట్టు ప్రభుత్వం కోర్టులకు తెలిపింది. అప్పటికే కొందరు ఉద్యోగాలు మానుకున్నారు, కొందరు దేశం విడిచి వెళ్ళారు.