ఆఫీసు వారి ఉపయోగం కొరకు మాత్రమే

బ్యాంకులో ఖాతా తెరిచే ఫారం ఎప్పుడైనా అడుగు దాకా చూశారా? మన పేరు, నాన్న పేరు, చిరునామా అన్నీ నింపాక చివర్లో ఒక గడి ఉంటుంది, "ఆఫీసు వారి ఉపయోగం కొరకు మాత్రమే" అని. అందులో మనం ఏమీ రాయం. రాయకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు కూడా, మనకి తెలుసంతే. ఇప్పుడు ఓ తుంటరివాడు ఆ గడిలో "ఇతను బ్రాంచి మేనేజరు" అని తనే రాసేసి కౌంటర్లో ఇచ్చాడనుకోండి. గుమాస్తా తలెత్తకుండా ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించేశాడనుకోండి. మర్నాటినుంచి లాకరు గది తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి?

నవ్వొస్తోంది కదా? 2019లో హార్బర్ అనే సాఫ్ట్‌వేర్లో జరిగింది అచ్చంగా ఇదే.

డెవాప్స్ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళకోసం ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 2013 మార్చిలో అమెరికాలో పైకాన్ సభలో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాలపాటు మాట్లాడి డాకర్‌ని ప్రపంచానికి చూపించాడు. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ ఒకే ఇమేజ్‌గా మూటకట్టి ఎక్కడైనా నడపొచ్చు అన్నది దాని సారాంశం. మూటలు కట్టడం మొదలయ్యాక వాటిని దాచడానికి ఓ గోదాం కావాలి కదా, అదే రిజిస్ట్రీ. అందరికీ కనిపించే గోదాముగా డాకర్ హబ్ వచ్చింది. కానీ కంపెనీలు తమ సొంత కోడ్ ఉన్న ఇమేజ్‌లని ఊరందరి గోదాంలో పెట్టుకోలేవు. మా గోదాం మాకుండాలి, ఎవరు లోపలికి రావాలో మేమే చెప్పాలి అన్నాయి.

ఆ అవసరంలోంచి వచ్చిందే హార్బర్. చైనాలోని వీఎంవేర్ ఇంజనీర్లు 2014లో సొంత అవసరాలకోసం మొదలుపెట్టి, 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. 2018 జులైలో అది కుబర్నెటీస్‌ని చూసుకునే సీఎన్‌సీఎఫ్ గూటికి చేరింది. హార్బర్ అంటే రేవు, కంటెయినర్లు దిగే చోటు. పేరు భలే కుదిరింది :) జనం దాన్ని వాడిందే ఆ కాపలాకోసం. ఏ ప్రాజెక్టు ఎవరు చూడొచ్చు, ఎవరు ఇమేజ్ పెట్టొచ్చు, ఎవరు తీయొచ్చు అన్నీ అందులో ఉంటాయి.

ఇక అసలు విషయానికొద్దాం. హార్బర్లో కొత్త యూజరు తనంతట తానే నమోదు చేసుకునే సదుపాయం అప్పట్లో డీఫాల్ట్‌గా తెరిచే ఉండేది. నమోదు పేజీ సర్వరుకి పంపేవి ఐదే ఐదు: యూజర్ నేమ్, ఈమెయిల్, అసలు పేరు, పాస్‌వర్డ్, వ్యాఖ్య. అవతల గో భాషలో రాసిన కోడ్, వచ్చిన జేసాన్‌ని నేరుగా యూజర్ అనే స్ట్రక్చర్లోకి ఎక్కించి డేటాబేసులో రాసేసేది. చిక్కేమిటంటే ఆ స్ట్రక్చర్లో "ఇతనికి అడ్మిన్ హోదా ఉందా" అనే గడి కూడా ఉంది. పేజీలో ఆ గడి కనిపించదు. కానీ కర్ల్ కమాండుతో ఆరో గడిని కలిపి, దాని విలువ "ట్రూ" అని పంపితే? గుమాస్తా తలెత్తలేదు. పాస్‌వర్డ్ కొట్టేయక్కర్లేదు, ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాడు ఒక్క రిక్వెస్టుతో ఏకంగా అడ్మిన్.

పాలో ఆల్టో నెట్‌వర్క్స్ వారి యూనిట్ 42 బృందంలోని అవివ్ సాసన్ దీన్ని కనిపెట్టాడు. 2019 సెప్టెంబరులో సీవీఈ-2019-16097 అన్న నంబరుతో బయటికొచ్చింది. 1.7.0 నుంచి 1.8.2 దాకా ఉన్న వెర్షన్లకి ఈ జబ్బు ఉంది. 1.7.6, 1.8.3లలో మందు వేశారు. ఆ మందు కూడా చూడండి: అడ్మిన్ కానివాడు ఆ గడి నింపి పంపితే ఒప్పుకోవద్దు అనే ఒక తనిఖీ. అంతే! ఇంటర్నెట్‌కి తెరిచి, ఈ బలహీనమైన సెట్టింగులతో ఉన్న హార్బర్ రిజిస్ట్రీలు 1,300 దాకా తమకి కనిపించాయని ఆ బృందం రాసింది.

"అయితే ఏంటి, ఎవడో నాలుగు ఇమేజ్‌లు చూస్తాడు" అనుకోకండి. రిజిస్ట్రీ ఊరి మంచినీళ్ళ ట్యాంకు లాంటిది. ఓ ఇంటి తాళం పగిలితే ఆ ఒక్క ఇంటికే నష్టం. ట్యాంకు మూత తీయగలిగినవాడు ఏ ఇంటి తలుపూ కొట్టక్కర్లేదు, కుళాయి తిప్పిన ప్రతివాళ్ళూ వాడు కలిపిందే తాగుతారు. అడ్మిన్ అయినవాడు ప్రైవేటు ఇమేజ్‌లు దింపుకోవచ్చు, చెరిపేయొచ్చు, అదే ట్యాగుతో విషం కలిపిన ఇమేజ్ పెట్టొచ్చు. ప్రొడక్షన్ సర్వరు దాన్ని తనే వెళ్ళి తెచ్చుకుని నడుపుతుంది. ఇమేజ్‌ని ట్యాగుతో కాకుండా డైజెస్టుతో పిలిచేవాళ్ళకి ఈ మార్పిడి దొరికిపోతుంది, ఎందుకంటే లోపలి సరుకు మారితే డైజెస్టూ మారుతుంది. కానీ మనలో ఎంతమంది "లేటెస్ట్" అని రాసి చేతులు దులుపుకుంటున్నామో నేను వేరే చెప్పాలా?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈ తప్పు తీవ్రత కాదు, దాని వయసు. 2012లో ఎగోర్ హోమకోవ్ అనే రష్యన్ కుర్రాడు రూబీ ఆన్ రైల్స్ వాళ్ళతో వాదన వేసుకున్నాడు. ఫారంలో వచ్చిన ప్రతి గడినీ రైల్స్ నేరుగా ఆబ్జెక్టులోకి ఎక్కించేస్తోంది, ఏవి ఒప్పుకోవాలో జాబితా ఇవ్వడం తప్పనిసరి చేయండి అన్నాడు. ఆపే సాధనం ఇచ్చాంగా, వాడుకోవడం డెవలపరు బాధ్యత అన్నారు వాళ్ళు. మార్చి 4 ఆదివారం నాడు అతను మాటలు ఆపేశాడు. రైల్స్ మీదే కట్టిన గిట్‌హబ్‌లో, పబ్లిక్ కీ మార్చే ఫారంలో, ఆ కీ ఎవరిదో చెప్పే గడిని తనే నింపి పంపాడు. కీ వెళ్ళి రైల్స్ ఖాతాలో చేరింది. దాంతో రైల్స్ సొంత కోడ్‌లోకే ఒక కమిట్ పంపించాడు. అంతకుముందే 3012వ సంవత్సరం తేదీతో ఒక ఇష్యూ కూడా తెరిచి నవ్వించాడు. గిట్‌హబ్ ముందు అతని ఖాతా ఆపేసింది, తర్వాత తిరిగిచ్చేసింది. 2013లో వచ్చిన రైల్స్ 4లో, ఏ గడులు ఒప్పుకోవాలో కోడ్‌లో చెప్పితీరాలన్న పద్ధతి వచ్చింది.

పాఠం అందరికీ అందిందనుకుంటాం కదా? ఏడేళ్ళ తర్వాత, వేరే భాషలో, వేరే దేశంలో, వేరే మనుషుల చేతుల్లో అదే తప్పు. అదే 2019లో ఓవాస్ప్ వాళ్ళు తయారుచేసిన ఏపీఐ భద్రతా జాబితాలో ఈ మాస్ అసైన్‌మెంట్ ఆరో స్థానంలో ఉంది.

ఇదంతా చదివి "అంత పెద్ద ప్రాజెక్టులో ఇంత చిన్న తప్పా" అని నేనూ అనుకున్నాను, నా సంగతి బయటపడేదాకా. రెండేళ్ళ క్రితం మా కంపెనీలో సెలవు దరఖాస్తుల పనిముట్టు ఒకటి స్ప్రింగ్ బూట్‌లో రాశాను. రివ్యూ అయిపోయింది, డెమోలో చప్పట్లు కూడా కొట్టారు. ఓ రోజు టెస్టింగ్ చూసే ఆవిడ నా సీటు దగ్గరికొచ్చి, "తమ్ముడూ, నా సెలవు నేనే మంజూరు చేసుకున్నా చూడు" అంది.

"స్క్రీన్లో ఆ గడే లేదు కదక్కా!"

"స్క్రీను నీది. రిక్వెస్టు నాది."

నాకు నోట మాట రాలేదు. డేటాబేసు ఎంటిటీనే నేరుగా రిక్వెస్టుకి తగిలించాను. స్టేటస్ అనే గడి అందులోనే ఉంది. వేరే క్లాసు రాద్దామని మొదట్లో అనిపించింది కూడా. "ఒకే క్లాసు రెండుసార్లు ఎందుకు, డూప్లికేట్ కదా" అని రివ్యూలో అంటారేమోనని మానేశాను. అనకముందే భయపడ్డానన్నమాట!

అందుకే ఇలాంటివి చూసినప్పుడు "ఎవడ్రా ఆ డెవలపరు" అనడం నేను మానేశాను. బాధ్యత డెవలపరుదే అని 2012లో రైల్స్ వాళ్ళు చెప్పింది అబద్ధమేం కాదు. కానీ సులువైన దారి ప్రమాదకరమైనదీ, భద్రమైన దారి పదిహేను లైన్లు ఎక్కువా అయినప్పుడు, శుక్రవారం సాయంత్రం రిలీజు పెట్టుకున్న మనిషి ఏ దారిన పోతాడో అందరికీ తెలుసు. డీఫాల్ట్‌ని నిర్ణయించేవాళ్ళు ఆ మనిషిని కళ్ళ ముందు పెట్టుకోవాలి. మనం రాసే కామన్ లైబ్రరీలకీ, మన టీము టెంప్లేట్లకీ కూడా ఇదే వర్తిస్తుంది.

నా మటుకు నేను, ఆ రోజునుంచి వచ్చే గడుల క్లాసు వేరు, దాచే గడుల క్లాసు వేరుగా రాస్తున్నాను. డూప్లికేట్ అన్నవాళ్ళకి సెలవు కథ చెప్తున్నాను. రివ్యూలో "బాగుంది" అని కొట్టేముందు ఆరో గడి ఒకటి కలిపి పంపి చూస్తున్నాను. ఐదు నిమిషాల పని. సోమవారం మీరూ ఓసారి చూడండి, మీ ఫారంలో ఆఫీసు వారి గడి ఎవరు నింపుతున్నారో.