గిటారు నాదము నడచిన త్రోవ

పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారి కచ్చేరి మీలో పెక్కురు వినియుందురు. ఆయన వాయించినది విద్యుత్తుతో పలుకు వాద్యము. అట్టి వాద్యపు తీగ పలుకు సభకు వినవలెనన్న నడుమ నొక యంత్రము కావలయును. దానిని ఆంప్లిఫయరందురు. గిటారు కొఱకు ఆ యంత్రమును లోపల రెండుగా తెంపవలసివచ్చిన కథను నేడు విన్నవించెదను. ఇది అమెరికాలో మొదలైనది.

1961లో మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వరీ' అను పాట వెలువడెను. నాష్‌విల్ నగరమున దానిని రికార్డు చేయునపుడు ధ్వనులను కలుపు యంత్రములో ట్రాన్స్‌ఫార్మరు చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు బొంగురువోయి తుమ్మెదవలె రొద చేసెను. పారవేయదగిన దానిని అటులే యుంచిరి, జనులు మెచ్చిరి. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపమునే బుద్ధిపూర్వకముగా పుట్టించు ఉపాయము కనుగొనగా, గిబ్సన్ సంస్థ 1962లో 'మేస్ట్రో ఫజ్-టోన్' అను పేర, కాలితో నొక్కు పెట్టెగా దానిని అమ్మెను. చెడిన ధ్వనికి వెల కట్టిరన్నమాట! 1965లో రోలింగ్ స్టోన్స్ వారి 'సాటిస్‌ఫాక్షన్' వచ్చిన పిదపగాని దానికి గిరాకి కలుగలేదు.

ప్రతిధ్వనిని కల్పించు పెట్టెలును ఉండెను. అన్నిటిని గిటారునకును ఆంప్లిఫయరునకును నడుమ వరుసగా తగిలించుచుండిరి. ఆంప్లిఫయరు ముందుభాగము స్వరమును తీర్చును. వెనుకభాగము బలమిచ్చి లౌడుస్పీకరును కదలించును. 1970 దశకమున కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ తన మీసా బూగీ యంత్రములలో ముందుభాగమునందే బొంగురుతనమును పుట్టించెను. అట్టి యంత్రములతో చిక్కు వచ్చినది.

బావిలోనికి వంగి కేకవేసిచూడుడు. కేక ముందు వినవచ్చును. మారుమ్రోతలు సన్నగిల్లుచు వెనుక వచ్చును. ప్రతిధ్వనిపెట్టె ముందును, బొంగురుచేయు భాగము వెనుకను ఉన్నచో, ఆ సన్నని మ్రోతలు సయితము అసలు స్వరముతో కలసి నలిగి గట్టిపడును. ఏది కేకయో, ఏది మ్రోతయో తెలియదు.

అందుచేత యంత్రకారులు ఆ రెండు భాగముల నడుమ త్రోవను తెంచి, రెండు రంధ్రములు పెట్టిరి. 'సెండు' అను రంధ్రమున ధ్వని వెలువడి, ప్రతిధ్వనిపెట్టెలో దూరి, 'రిటర్ను' అను రంధ్రమున మరల లోనికి పోవును. దీనినే ఎఫెక్ట్స్ లూపందురు. 1990లో వచ్చిన ఇంగ్లండు మార్షల్ వారి జేసీఎం 900 యందును ఇది కలదు. ఫజ్ వంటి పెట్టెలు మాత్రము సాధారణముగా ముందే నిలుచును. లూపులోని ధ్వని తీగనుండి వచ్చుదానికంటె బలమైనదగుటచే కొన్ని చిన్నపెట్టెలు దానిని ఓర్వజాలవు. ఇంత ఏర్పాటు జరిగినను, ఆ కలగాపులగపు నాదమే ఇంపని ప్రతిధ్వనిపెట్టెను ముందే తగిలించు వాదకులు నేటికిని కలరు.