మంచు పడని ఊళ్ళో పచ్చి టమాటాలు

డెట్రాయిట్‌లో ఉంటున్న మా అక్క ఏటా అక్టోబరులో ఒకే కబురు చెబుతుంది. రేపో మాపో తొలిమంచు పడుతుందట, టమాటాలింకా పచ్చిగానే ఉన్నాయట, అన్నీ కోసేస్తోందట. వినగానే నాకు సికింద్రాబాదు గుర్తొస్తుంది. మొక్కల్ని మాడ్చేసే మంచు అక్కడ పడదు. అయినా ఒక ఏడాది మా నాయనమ్మ ఆ పనే చేసింది.

తాతయ్య లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవారు. నిజాం రైల్వే కాలంలో, 1893లో వెలసిన కార్ఖానా అది. ఆయన పదవీ విరమణ చేసిన ఏడు, క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు జనవరిలో పడింది. పెరట్లో టమాటాలు విరగకాసి ఉన్నాయి, ఒక్కటీ పండలేదు.

ఇంతకీ ఆ కాయ మన పెరళ్ళలోకి ఎలా వచ్చింది? పుట్టింది అమెరికా ఖండంలో. 1889 నుంచి వెలువడిన జార్జి వాట్ నిఘంటువు, దీన్ని ముఖ్యంగా ఐరోపా వారి కోసమే పండిస్తున్నారనీ, ఈ దేశస్థులు అప్పుడప్పుడే రుచి మరుగుతున్నారనీ చెబుతుంది. 1806లో ఏర్పడిన మా కంటోన్మెంటు చుట్టుపక్కల ఇళ్ళకు దొరల తోటల్లోంచే దిగివచ్చి ఉంటుందని నా ఊహ. కోస్తాలో రామములగ అన్నారు, చిత్తూరు వైపు తక్కాలి అన్నారు. ఎన్ని పేర్లు పెట్టి పిలిచినా మా ఇంట్లో ఆబ్దికం నాడు మాత్రం దానికి వంటింట్లో ప్రవేశం లేదు, క్యాబేజీకీ అంతే. ఏ కూర పాతదో, ఏది మొన్న వచ్చిందో తేల్చడానికి ఆబ్దికం వంటను మించిన చరిత్ర గ్రంథం నాకింతవరకు కనబడలేదు!

నాయనమ్మ ముందుగా ఒక్కో మొక్క నుంచి ఒక్కో కాయ కోసి చూసింది. కత్తికి గింజలు తెగితే లేత. గింజలు తెగకుండా జిగురులో పక్కకు జారితే ముదురు. లేతవి నువ్వులు వేసి పచ్చడి చేసింది. ముదురువి గంపలో వరిగడ్డి పరచి, వరుసలుగా పేర్చి, నడుమ రెండు అరటిపళ్ళు పెట్టి గోనె కప్పింది. పండే పండు ఇథిలీన్ అనే వాయువును విడుస్తుందని రిచర్డ్ గేన్ 1934లో రుజువు చేశాడు. గంప చేసిన పనల్లా ఆ వాయువును లోపల నిలిపి ఉంచడమే. వెలుతురుతో నిమిత్తం లేదు. చలి పది డిగ్రీలకు దిగినా, వేడి ముప్పై దాటినా ఎరుపు సరిగా రాదు. ఆ లెక్కన గడువు వేసవిలో పడకపోవడం మా అదృష్టం.

చిలకలగూడలో అద్దెకు దిగాం. సామాను బండిలో గంపను తాతయ్య ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. రెండు వారాలకు గోనె తీస్తే నాలుగైదు కుళ్ళాయి, మిగిలినవన్నీ ఎర్రబడ్డాయి. తాతయ్య వాటిలో పెద్దది ఏరి, గింజలు తీసి, బూడిదలో కలిపి ఆరబెట్టారు.

ఆ ఇంటికి పెరడు లేదు.