వతన్ యాద్: బార్కస్ చెప్పే కథ

పరదేస్ వెళ్ళిన కొడుకు ఫోన్‌లో ‘‘ఇక్కడ దిల్ లగడం లేదు అమ్మీ’’ అంటే మన ఇళ్ళలో తరచు వినిపించే జవాబు ఒకటే: ‘‘సబర్ చెయ్ బేటా, అదే అలవాటైపోతుంది.’’ సబర్ మంచిదే. కానీ వతన్ యాద్‌కు అదొక్కటే దవా అని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. తారీఖ్ తిరగేస్తే ఈ సంగతి తెలుస్తుంది.

మొదటి సబఖ్ హిజ్రత్‌లోనే ఉంది. క్రీ.శ. 622లో మక్కా విడిచి మదీనా చేరిన మొహాజిర్లలో కొందరు జ్వరంతో మంచం పట్టారు. హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) కూడా వాళ్ళలో ఉన్నారు. జ్వరం కాస్త తగ్గగానే హజ్రత్ బిలాల్ మక్కా లోయలో మొలిచే గడ్డిని, అక్కడి నీళ్ళను, కొండలను తలచుకుని గొంతెత్తి కవిత చదివేవారని హదీసుల్లో ఉంది. ఆలోచించండి. మండే ఇసుక మీద పడుకోబెట్టి, ఛాతీ మీద బండ పెట్టి ఆయన్ను హింసించింది ఆ మక్కాలోనే. అయినా ఆ ఊరి గడ్డిపోచ గుర్తొచ్చింది. ఊరు మనకు మంచి చేసిందా, చెడు చేసిందా అని దిల్ లెక్కలు వేసుకోదు.

ఈ సంగతి తెలిసి ప్రవక్త (స) ఆయన్ను మందలించలేదు. మదీనాను కూడా మక్కా అంత, అంతకన్నా ఎక్కువగా తమకు ప్రియం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. దువాతో పాటు ఇంతెజామ్ కూడా చేశారు. ఒక్కో మొహాజిర్‌కు మదీనావాసి అయిన ఒక్కో అన్సార్‌ను భాయీగా జత చేశారు. దీన్నే ముఆఖాత్ అంటారు. కొత్త ఊళ్ళో ఎవరూ తన్హాగా మిగలకుండా చూడడమన్న మాట.

ఇక మన హైదరాబాద్‌కు వద్దాం. పాతబస్తీ దాటి చాంద్రాయణగుట్ట వైపు వెళితే బార్కస్ వస్తుంది. నిజాం ఫౌజ్‌లోని అరబ్ సిపాయిలు ఉండే చోటు అది. ‘బ్యారక్స్’ అనే ఇంగ్లీషు మాట జనం నోట నలిగి బార్కస్ అయింది. ఆ సిపాయిల్లో ఎక్కువమంది యమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ వానలు తక్కువ, రోజీ కష్టం, తెగల మధ్య తగాదాలు ఎక్కువ. అందుకే 19వ శతాబ్దంలో ఓడలెక్కి దక్కన్ దారి పట్టారు.

నేడు మన పిల్లలకు రియాద్, దుబాయ్ ఎలాగో, ఆనాడు హజ్రమీ కుర్రాళ్ళకు హైదరాబాద్ అలాగ. ఇక్కడి తన్‌ఖా ఇంటికి పంపేవారు. ఆ సొమ్ము ఎంత పని చేసిందో ఒక్క మిసాల్ చాలు. నిజాం కొలువులో జమేదార్‌గా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుయైతీ ఇక్కడ గడించిన దౌలత్‌తో ఆయన వంశం హజ్రమౌత్‌లో ఒక సల్తనత్‌నే నిలబెట్టింది. అది 1967 దాకా సాగింది.

మరి మామూలు సిపాయి యాద్ మాటేమిటి? వాళ్ళు దాన్ని లోపల దాచుకోలేదు. దస్తర్‌ఖాన్ మీద పెట్టారు. గోధుమలు, గోష్త్ కలిపి గంటల తరబడి ఉడికించే హరీస్ వండుకున్నారు. గహ్వా చుట్టూ కూర్చున్నారు. షాదీలలో మర్ఫా మోగించారు. లుంగీ కట్టు వదల్లేదు. అదే సమయంలో ఇక్కడి అమ్మాయిలను నికాహ్ చేసుకున్నారు, దక్కనీ నేర్చుకున్నారు, జామతోటలు పెంచారు. బార్కస్ జామపళ్ళ రుచి హైదరాబాదీలకు వేరే చెప్పాలా! ఒకనాటి పరదేసీల ఇంటి వంట ఇప్పుడు మనందరిదీ అయింది.

ఈ కథలో ఒక చేదు మలుపు కూడా ఉంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగాక హైదరాబాద్ అరబ్బుల్లో ఎంతోమందిని విదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధంలో పెట్టారు. కొందరిని ఓడలెక్కించి పంపేశారు. వాళ్ళలో ఇక్కడ పుట్టినవాళ్ళూ ఉన్నారు. తాత హజ్రమౌత్‌ను తలచుకుని ఏడ్చాడు. మనవడికి హజ్రమౌత్ చేరాక హైదరాబాద్ యాదొస్తుంది. వతన్ అంటే కాగితంలో రాసింది కాదు, బచ్‌పన్ గడిచిన గల్లీ.

దాదాపు అదే కాలంలో హైదరాబాద్ విడిచి కరాచీ చేరిన కుటుంబాలూ ఉన్నాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే మొహల్లా వెలసింది. ఖట్టీ దాల్, బఘారే బైంగన్, అచార్‌లకు కరాచీవాళ్ళు నేటికీ అక్కడికే వెళతారు. బహాదురాబాద్ కూడలిలో ఒక చిన్న చార్మినార్ కూడా నిలబడి ఉంది. పెద్దలకు తిరిగివచ్చే దారి మూసుకుపోయింది, దస్తర్‌ఖాన్ మాత్రం మూయలేదు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి. వలస దారి తిరగబడింది. అరబ్బులు దక్కన్‌కు రావడం పోయి దక్కన్ పిల్లలు అరబ్ దేశాలకు వెళ్ళసాగారు. ఖత్ రాయడం రానివాళ్ళు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేది. మన తరానికి ఇది గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు రోజూ వీడియోకాల్‌లో ముఖం చూస్తున్నాం. అయినా ఫోన్ పెట్టేశాక గదిలో కుర్రాడు ఒక్కడే మిగులుతున్నాడు. ముఖం చూపించే మెషీన్ పక్కన కూర్చుని తినదు కదా.

అందుకే పిల్లల్ని పంపేటప్పుడు వీసా, టికెట్‌తో పాటు ఇంకో రెండు విషయాలు కూడా చూడండి. రెండు మూడు ఇంటి వంటలు నేర్పి పంపండి, కొడుకైనా బేటీ అయినా. అక్కడ మన జిల్లావాళ్ళు ఎవరున్నారో కనుక్కుని సలాం చెప్పించండి. జుమా రోజు నలుగురూ కలిసి దాల్చా వండుకునే గదిలో ఉన్నవాడికి, ఒంటరిగా పార్సెల్ తెచ్చుకునేవాడికి చాలా ఫరఖ్ ఉంటుంది. ‘‘జీతం పడిందా’’ అనే ముందు ‘‘ఎవరితో కలిసి తింటున్నావ్’’ అని అడగండి.

ఇంకో మాట. మనం ఎప్పుడూ మొహాజిర్లమే కాదు, అన్సార్లం కూడా. అదే బార్కస్ చుట్టుపక్కల, బాలాపూర్‌లో నేడు రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. మన గల్లీల్లో బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కారీగర్లు ఉన్నారు. వాళ్ళకూ ఒక ఊరుంది, అక్కడి గడ్డి, నీళ్ళు గుర్తొస్తుంటాయి. మన కొడుకును పరదేస్‌లో ఎవరైనా ఇఫ్తార్‌కు పిలవాలని దువా చేస్తున్నాం కదా. మన గల్లీలోని పరదేసీని మనం పిలిచామా?