నక్షత్రాల దారి ఎవరు వేశారు?

2022 జూన్ 29 నుంచి జులై 6 దాకా, సరిగ్గా ఒక్క వారం. చాంద్రాయణగుట్టలో నా దగ్గర చరిత్ర చదువుకునే ఇంటర్ పిల్లలు ఆ వారంలో గతం గురించి మాట్లాడినంతగా ముందూ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. సిలబస్ గురించి కాదులెండి. 'మిస్ మార్వెల్' సీరియల్ గురించి.

చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో, జెర్సీ సిటీలో ఒక పాకిస్తానీ కుటుంబం. అందులో కమలా ఖాన్ అనే పదహారేళ్ళ పిల్ల. అమ్మమ్మ సనా పంపిన పాత కంగన్ ఒకటి చేతికి తొడుక్కోగానే ఆ పిల్లకి శక్తులొస్తాయి, గాలిలో వెలుగుతో మెట్లు కట్టగలుగుతుంది. ఆ ఇంట్లో తరాలుగా చెప్పుకునే కథ ఇంకోటుంది. దేశ విభజన రాత్రి రైల్వే స్టేషన్ తొక్కిసలాటలో పసిపిల్ల సనా తప్పిపోయింది. ఆకాశంలోంచి దిగిన నక్షత్రాల దారి పట్టుకుని తండ్రి దగ్గరికి చేరింది, ఆఖరి రైలు దొరికింది. మనవరాళ్ళు నవ్వి ఊరుకునే కథ. నాలుగో భాగం చివర కరాచీలో కొట్లాట మధ్య కమల ఉన్నట్టుండి 1947లో, ఆ స్టేషన్ జనంలో తేలుతుంది. అక్కడ ఆపేశారు. మళ్ళీ బుధవారం దాకా ఆగాలి.

ఆ ఆగడంలోనే అంతా జరిగింది. ఇది నిజం ప్రయాణం కాదు, కంగన్‌లో దాగిన జ్ఞాపకం మాత్రమే అని కొందరు. నిజంగానే వెళ్ళింది, ఆ నక్షత్రాలు వేసేది కమలే అని ఇంకొందరు. ఒకడు మాత్రం బోర్డు మీద గీతలు గీసి మరీ వాదించాడు. కమల వెళ్ళి తన ముత్తవ్వ ఆయెషాని బతికించేస్తే ఆ కుటుంబం కథే మారిపోతుంది, సనా వేరేచోట పెరుగుతుంది, సనా కూతురు అమెరికా పోదు, కమల పుట్టదు. పుట్టని పిల్ల వచ్చి ఎట్లా బతికిస్తది సార్?

ఈ చిక్కుముడి పాతదే. కాలంలో వెనక్కిపోయి తన తాతనే చంపినవాడి సంగతేమిటని సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు దాదాపు నూరేళ్ళుగా తలలు బాదుకుంటున్నారు. మా పిల్లల దగ్గర జవాబులు రెడీగా ఉండేవి. ఏడాది ముందే 2021 జూన్‌లో 'లోకి' తెలుగులో కూడా వచ్చింది. గతంలో వేలు పెడితే కాలం కొమ్మ చీలుతుందనీ, చీలిన కొమ్మని నరికేసే ఆఫీసొకటి ఉంటుందనీ అందులో నేర్చుకున్నారు. 2019లో 'ఎండ్‌గేమ్' ఇంకోటి నేర్పింది: నువ్వు గతంలోకి వెళ్ళి ఏం చేసినా నీ వర్తమానం మారదు. (తెలుగులో థానోస్‌కి రానా గొంతు కుదిరినట్టు అసలు గొంతు కూడా కుదరలేదని మా వాళ్ళ గట్టి అభిప్రాయం.) 'ఫ్లాష్' సీరియల్‌లో బ్యారీ వెనక్కిపోయి తల్లిని కాపాడుకుంటే లోకమంతా తలకిందులైంది, అది మరో రూలు. ఒక్కో కథకి ఒక్కో రాజ్యాంగం. ఏ కథ ఏ రాజ్యాంగం కింద నడుస్తోందో ఆధారాలు పట్టి తేల్చడం అభిమానుల పని. ఒక్క మాట, ఒక్క నగ, గోడ మీద తేదీ, దేన్నీ వదలరు. మూలపత్రాలు చదవడం ఎట్లాగో నేను రెండేళ్ళు చెప్పినా రాని ఓపిక అది.

మా తరానికి ఇదంతా కొత్త కాదు. 1991 జులైలో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు మేమూ ఇట్లాగే కొట్టుకున్నాం. కాలేజీ రోజుల్లో చదివిన వెల్స్ 'టైమ్ మెషీన్' సింగీతం శ్రీనివాసరావు గారి మనసులో ఉండిపోయింది, అది ఇన్నేళ్ళకి ఇట్లా బయటపడింది. జంధ్యాల మాటలు, ఇళయరాజా పాటలు, బాలకృష్ణ రెండు వేషాలు. యంత్రం 1526కి పోతుంది, శ్రీకృష్ణదేవరాయలి విజయనగరానికి. ఆ తర్వాత 2504కి, అణుయుద్ధం అయిపోయి మనుషులు నేల కింద బతికే కాలానికి. కథ ఒక వజ్రం చుట్టూ తిరుగుతుంది కాబట్టి చరిత్రని మార్చాలనే ఆలోచన దాని తలకెక్కలేదు. మా తలలకి ఎక్కింది. హీరో రాయలవారి చెవిలో తళ్ళికోట అని ఒక్క మాట ఊది వచ్చి ఉంటే? 1565 అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళ దూరంలోనే ఉంది కదా!

ఆ ప్రశ్న బడిలో వేసుకున్నప్పుడు మాకు తెలియని సంగతొకటుంది. తళ్ళికోటలో గెలిచిన సుల్తానుల్లో ఒకడైన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా అన్నకి భయపడి 1543 నుంచి ఏడేళ్ళు తలదాచుకున్నది విజయనగరంలోనే, అళియ రామరాయల దగ్గరే. తెలుగు మీద ప్రేమతో గోల్కొండకి తిరిగొచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు, అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చాడు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాద్ కట్టాడు. ఇందులో ఏ దారం లాగితే ఏది ఊడుతుందో ఎవరు చెప్పగలరు? తళ్ళికోటని ఆపేసిన హీరో తిరిగొచ్చేసరికి చార్మినార్ ఉంటుందో లేదో, మా గుట్ట ఉత్త బండరాళ్ళ గుట్టగానే మిగిలిపోయేదేమో.

వెనక్కిపోవాలన్న ఈ కోరిక మన పాత కథల్లో కనపడకపోవడం నాకు ఆశ్చర్యం. పాతవాళ్ళు కాలంలో ముందుకే దూకారు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు, పాట అయిపోయేదాకా ఆగుతాడు. అడిగేసరికి బ్రహ్మ నవ్వుతాడు, కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి, నువ్వనుకున్న వాళ్ళ మనవళ్ళ పేర్లు కూడా లేవని. మా వీధిలో శుక్రవారం చదివే సూరా కహఫ్‌లో గుహలో పడుకున్న యువకులు మూడువందల తొమ్మిదేళ్ళ తర్వాత లేస్తారు, ఆకలేసి ఒకణ్ణి వెండి నాణెంతో బజారుకి పంపుతారు. రెండు కథల్లోనూ వెనక్కి తిరిగి వెళ్ళే దారి లేదు, ఎవరూ అడగరు కూడా. వెల్స్ 1895లో కట్టిన యంత్రం కూడా ఎక్కువ దూరం పోయింది ముందుకే, 802701వ సంవత్సరానికి. జరిగినదాన్ని జరగకుండా చేయొచ్చేమో అన్న ఆశ బాగా ముదిరింది ఆ తర్వాతే. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన శతాబ్దానికి అట్లాంటి ఆశ పుట్టిందంటే తప్పు పట్టలేను.

మళ్ళీ ఆ వారానికి వస్తాను. కమల స్టేషన్లో నిలబడి ఉంది. క్లాసులో ఒకమ్మాయి చాలా మామూలుగా అడిగింది, సార్, మనవాళ్ళు ఆ రైలు ఎక్కలేదా అని.

ఎక్కలేదు. ఆ రాత్రి నాంపల్లి స్టేషన్ ఇండియాలో లేదు, పాకిస్తాన్‌లోనూ లేదు. 1947 ఆగస్టు 15న నిజాం తన రాజ్యం తనదన్నాడు. నవంబర్ 29న యథాతథ ఒప్పందం. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ వెళ్ళిపోయే ముందు పెట్టిన ఆఖరి ముసాయిదాని నిజాం కాదన్నాడు. ఊళ్ళలో రజాకార్లు, దొరల మీద తిరగబడ్డ సంఘాలు. ఆగస్టులో భైరాన్‌పల్లిని రజాకార్లు ఊచకోత కోశారు, అదే నెలలో పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నగరంలోనే చంపారు. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. మా విభజన పదమూడు నెలలు లేటుగా వచ్చింది, రైలెక్కి రాలేదు.

చాంద్రాయణగుట్ట మీద దాని జాడలు వెతికితే కనపడతాయి. గుట్ట పక్కనే బార్కస్. బ్యారక్స్ అనే మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల ఇళ్ళవి. ఇప్పుడు మండీ హోటళ్ళకీ జామపళ్ళకీ పేరు. 1948 తర్వాత అక్కడివాళ్ళకి ఎదురైన ప్రశ్న సూటిది: నువ్వు ఇక్కడివాడివా, బయటివాడివా? బయటివాళ్ళని తేలినవాళ్ళని నిర్బంధించారు, చాలామందిని ఓడలెక్కించి పంపారు. ఇక్కడే పుట్టామని చూపించుకోగలిగినవాళ్ళు ఉండిపోయారు. ఒకే ఇంట్లో తండ్రి బయటివాడు, కొడుకు ఇక్కడివాడు కావడానికి వీలుండిన లెక్క అది. అటు పాతబస్తీ నుంచి కరాచీకి పోయినవాళ్ళున్నారు. అక్కడ హైదరాబాద్ కాలనీ ఉంది, బహదూర్ యార్ జంగ్ పేరున బహదూరాబాద్ ఉంది.

మరి మీకే యంత్రం దొరికితే ఎక్కడ దిగుతారు అని పిల్లల్ని అడిగాను. గొడవ మొదలైంది. 1948 జూన్‌లో దిగి నిజాంతో సంతకం పెట్టిస్తానన్నాడు ఒకడు. ఖాసిం రజ్వీని అంతకన్నా ముందే పట్టుకోవాలన్నాడు ఇంకొకడు. నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు భైరాన్‌పల్లిలో దిగుతానన్నాడు. బీదర్ నుంచి వచ్చిన కుటుంబంలోని అమ్మాయి సెప్టెంబర్ 18న దిగుతానంది, అందరూ అయిపోయిందనుకున్న మర్నాడు. ఒక్క గదిలో నాలుగు స్టేషన్లు. పల్లెల్లో పెద్దవాళ్ళు 'రజాకార్లప్పుడు' అని వయసులు లెక్కపెట్టుకుంటారు, మా వీధిలో పెద్దవాళ్ళు 'పోలీస్ యాక్షన్‌కి ముందా, తర్వాతా' అని లెక్కపెట్టుకుంటారు. కాలం ఒకటే.

జులై 6న జవాబు వచ్చింది. దారి వేసింది కమలే. ఆయెషా చనిపోయింది, రైలు కదిలింది, సనా తండ్రిని చేరింది. అంటే ఏదీ మారలేదు. బోర్డు మీద గీతలు గీసినవాడు డీలా పడ్డాడు, ఇంతోటిదానికి వెళ్ళడమెందుకు సార్ అన్నాడు. చాలామంది అభిమానులకీ అదే నిరాశ. నాకు మాత్రం కొమ్మలు చీల్చి అతికించే కథలన్నిటికన్నా ఇదే నచ్చింది. కమల వెళ్ళి సాధించింది ఒక్కటే: అమ్మమ్మ చెప్పింది కట్టుకథ కాదని తేల్చింది. డెబ్బై ఐదేళ్ళు ఎవరూ నమ్మని మాటకి సాక్ష్యం తెచ్చింది. చరిత్రకారుడు చేయగలిగింది కూడా అంతే, బాగా చేస్తే.

అంత తేలిక కాదది. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవాళ్ళు 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. ఊరూరా జనాన్ని అడిగి రాసుకున్నారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని తేల్చారు. అందరికన్నా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. రజాకార్ల దురాగతాలకి ప్రతీకారం ఎట్లా ఎవరి మీద పడిందో, ప్రాణాలకి తెగించి పొరుగువాళ్ళని కాపాడిన హిందువులు ఎక్కడెక్కడున్నారో కూడా అందులోనే ఉంది. ఆ నివేదికని ప్రభుత్వం అచ్చువేయలేదు. భాగాలు అక్కడక్కడా బయటికొచ్చినా, 2013లో ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూడొచ్చని వార్తలొచ్చేదాకా మామూలు చదువరికి అది లేనట్టే. ఇన్నేళ్ళూ అవ్వలు చెబుతూనే ఉన్నారు. ఈ అంకెల మీద వాదించేవాళ్ళున్నారు, వాదించాల్సిందే కూడా. కాగితం బీరువాలో ఉన్నంతకాలం ఆ వాదనకీ చోటు లేకపోయింది.

2022 అంతా ఒక వరసలో పడినట్టు జరిగింది. ఆగస్టు 5న 'బింబిసార'. సెప్టెంబర్ 9న 'ఒకే ఒక జీవితం', ముగ్గురు స్నేహితులు 1998కి పోతారు, ఒకడు తల్లి చావు తప్పించాలని. తప్పించలేడు, కానీ తల్లిని మళ్ళీ చూస్తాడు. మా బోర్డు గీతల పిల్లవాడు అది చూసొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఎనిమిది రోజుల తర్వాత సెప్టెంబర్ 17. ఒకే ఊళ్ళో, ఒకే పొద్దున, కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేసింది, రాష్ట్రం సమైక్యతా దినం చేసింది. కొమ్మ చీలడం అంటే ఇదేనా సార్ అన్నారు మా వాళ్ళు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ నెలాఖరులో వాళ్ళకి ఒక పని చెప్పాను. యంత్రం వద్దు, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని రెండే రెండు అడగండి: ఈ ఇంటికి ఎక్కడి నుంచి వచ్చారు, దేని మీద వచ్చారు. సగం మంది అడగలేదు. కొందరికి జవాబు రాలేదు. బీదర్ అమ్మాయి ఒక పేజీ రాసుకొచ్చింది. వాళ్ళ నాన్నమ్మ అప్పుడు ఐదేళ్ళ పిల్ల, ఎడ్లబండి మీద, రాత్రుళ్ళే ప్రయాణం. బండి తోలినవాడి పేరు ఆమెకి గుర్తులేదు, అతని మతం గుర్తుంది. వాళ్ళది కాదు. మూడో రాత్రి దీపాలు కనపడ్డాయట, చాలా దూరాన, వరసగా. పట్నం వచ్చేసిందని బండివాడన్నాడట.

ఆ దీపాలు ఎక్కడివై ఉంటాయని ఆ రోజు గంటసేపు మ్యాప్ ముందు కూర్చున్నాం. బీదర్ నుంచి వచ్చే పాత బాటలో సంగారెడ్డివి కావచ్చని ఒకరు, పటాన్‌చెరువువి కావచ్చని ఇంకొకరు. ఐదేళ్ళ పిల్ల ఎత్తు నుంచి, బండి మీద నుంచి ఎంత దూరం కనపడుతుందో కూడా లెక్కేశారు. తేలలేదు. పెద్దామెని మళ్ళీ అడిగి వస్తానని ఆ అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.