తల తెగిన విగ్రహం

అక్రాలో ఒక ఆదివారం ఖాళీ దొరికితే క్వామే ఎన్‌క్రుమా స్మారక పార్కుకి వెళ్ళాను. ఫౌంటెన్లు, నీళ్ళలో కూర్చుని ఊదుతున్న వాయిద్యకారుల బొమ్మలు, ఎదురుగా నిలువెత్తు కంచు విగ్రహం, దాని వెనక సమాధి. కెమెరాకి పని బాగానే పడింది.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇది పోలో మైదానం. 1957 మార్చి 6న, అర్ధరాత్రి వేళ, గోల్డ్ కోస్ట్ ఇక ఘనా అని ఎన్‌క్రుమా ప్రకటించింది ఇక్కడే. 1960లో ఒక్క ఏడాదిలోనే ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. వాటికి దారి చూపించినవాళ్ళలో ఈయన పేరు ముందుంటుంది.

ఇంతవరకూ మనకి అలవాటైన కథే. కానీ ఇంకో విగ్రహం దగ్గర ఆగిపోయాను. దానికి తల లేదు! తల మాత్రం పక్కనే వేరే దిమ్మె మీద ఉంది. 1966 ఫిబ్రవరి 24న, ఎన్‌క్రుమా హనోయ్ బయల్దేరి దారిలో ఉండగా, సైన్యం ఆయన్ని దింపేసింది. జనం విగ్రహాన్ని పడగొట్టారు. ఆ తలని ఎవరో దాచి, 2009లో తెచ్చి అప్పగించారట.

అంత కోపం ఎందుకు? 1958లో ఆయన తెచ్చిన చట్టంతో విచారణ లేకుండా అయిదేళ్ళు జైల్లో పెట్టొచ్చు. 1947లో ఎన్‌క్రుమాని లండన్ నుంచి రప్పించిన పార్టీ నాయకుల్లో డాంక్వా ఒకరు. 1960 ఎన్నికల్లో ఆయన మీదే పోటీ చేసిన ఆ డాంక్వా, 1965లో జైల్లోనే చనిపోయాడు. 1964కల్లా దేశంలో ఒకే పార్టీ. మనం మరీ నవ్వుకోనక్కర్లేదు, విచారణ లేకుండా నిర్బంధించే చట్టం మన దగ్గర 1950లోనే వచ్చింది.

ఎన్‌క్రుమా 1972లో బుకారెస్ట్‌లో పోయాడు. గినీలో ఒకసారి, సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో ఇంకోసారి పూడ్చాక, 1992లో ఇక్కడికి తెచ్చారు.

నాకు నచ్చిందేమిటంటే, తల తెగిన విగ్రహానికి అతుకులేసి రంగు పుయ్యలేదు, గోడౌన్లోనూ పడెయ్యలేదు. మన భాషలో చెప్పాలంటే, కొత్త వెర్షన్ పెట్టారు గానీ పాత హిస్టరీ డిలీట్ చెయ్యలేదు. కొత్త విగ్రహం ఒక్కటే ఉంటే అది భజన, విరిగింది ఒక్కటే ఉంటే అది పగ. రెండూ ఒకే పార్కులో ఉన్నాయి కాబట్టే ఇది చరిత్ర అనిపించింది. మన ఊళ్ళల్లో నాయకుల విగ్రహాలకేం తక్కువ? ఇలా రెండు వైపులూ చూపించే చోటు మాత్రం నాకొక్కటీ గుర్తుకు రావట్లేదు. మీకు తెలిస్తే చెప్పండి.