గొలుసుకుట్టు నేర్పాం సరే, లెక్క నేర్పామా?

ఆ మధ్య మా ఆఫీసు వాలంటీర్లతో కలిసి ఊరి చివర ఒక సర్కారు బడికి వెళ్ళాను. కంప్యూటర్ పాఠం చెబుదామని వెళితే ఆ రోజు కరెంటు లేదు. ఏం చెయ్యాలో తోచక, మా అమ్మ దగ్గర నేర్చుకున్న క్రోషే మొదలుపెట్టా. (నవ్వకండి, మా ఇంట్లో టీవీ కవరు నుంచి మంచినీళ్ళ కూజా మూత దాకా అన్నీ లేసువే.) ఆ తర్వాత వారం సూదులు, దారం ఉండలు కొనుక్కుని మళ్ళీ వెళ్ళాను. ఏడో తరగతి పిల్లలు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి ఇరవై మంది.

క్రోషేలో మన జాతివాళ్ళకి నచ్చే గుణం ఒకటుంది. ఎప్పుడు చూసినా సూది మీద సాధారణంగా ఒకే ముడి సజీవంగా ఉంటుంది. తప్పు చేస్తే సూది తీసి దారం లాగడమే, ఎంత కావాలంటే అంత వెనక్కి పోవచ్చు. ఇంత చవకైన అన్‌డూ ఇంకెక్కడా చూడలేదు. అన్నట్టు ఇంటర్‌ఆపరబిలిటీ గొడవ కూడా ఉందండోయ్! అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్ని ఇంగ్లండు వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. నమూనా ఏ దేశానిదో చూసుకోకుండా అల్లితే కొలతలన్నీ తేడా వస్తాయి.

సరే, అసలు విషయానికొస్తా. పిల్లలకి నేర్పుతున్నాం కదా అని దీని చరిత్ర కాస్త చదివాను. అచ్చులో క్రోషే నమూనాలు 1823లో డచ్చి పత్రిక 'పెనెలోపే'లో కనిపిస్తాయి. అప్పటికది తీరుబడి ఉన్న ఆడవాళ్ళ సరదా. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. తర్వాతి ఏళ్ళలో సుమారు పది లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. అప్పుడు కాన్వెంటుల్లో సన్యాసినులు పేద పిల్లలకి, ఆడవాళ్ళకి క్రోషే నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్ళో 1847లో కసాండ్రా హ్యాండ్ అనే చర్చి గురువు భార్య కూడా అదే పని మొదలుపెట్టింది. సూదీ దారం ఉంటే చాలు, మగ్గం అక్కర్లేదు. కరువులో అంతకన్నా మంచి ఉపాధి ఏముంటుంది?

పని పంచుకున్న తీరు చూడండి. ఒకరు గులాబీలే అల్లుతారు, ఇంకొకరు ఆకులే. ఆ ముక్కలన్నీ ఇంకెవరో కలుపుతారు. మన భాషలో చెప్పాలంటే మాడ్యూళ్ళు ఒకచోట, ఇంటిగ్రేషన్ ఇంకోచోట.

ఇక మన గోదావరికి వద్దాం. 1844లో మెక్‌రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు దుమ్ముగూడెంలో లేసు నేర్పారనీ, అక్కణ్ణుంచి అది నరసాపురం, పాలకొల్లు వైపు పాకిందనీ చెబుతారు. ఇక్కడా పేద ఆడవాళ్ళకి ఉపకారంగానే మొదలైంది. పోనుపోను ఎగుమతి వ్యాపారం అయ్యింది. జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ ఊళ్ళు తిరిగి, 1982లో నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద ఒక పుస్తకం వేసింది. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లినది పట్టుకెళతాడు. రోజుకి ఆరేడు గంటలు అల్లినా దాన్ని ఎవరూ పని అనలేదు, ఖాళీ టైములో చేసుకునేది అన్నారు. ఆడది ఇంటిపట్టున ఉండడం పరువు కాబట్టి అమ్మకం, బేరం, లాభం అన్నీ మగవాళ్ళ చేతిలోకి వెళ్ళాయి. కూలి మాత్రం ఖాళీ టైముకి ఇచ్చినట్టే ఇచ్చారు.

అది చదివాక మా అమ్మకి ఫోన్ చేసి, ఆ టీవీ కవరు ఎన్ని రోజులు అల్లావని అడిగాను. "ఖాళీగా ఉన్నప్పుడు అల్లిందే కదరా, దానికి లెక్కేంటి" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంకో సంగతి. నిట్టింగుకి ఫ్యాక్టరీ యంత్రాలున్నాయి గానీ చేతి క్రోషేని అచ్చంగా అల్లే యంత్రాలు ఇప్పటికీ ఫ్యాక్టరీల్లోకి రాలేదు. అంటే షాపింగ్ మాల్‌లో చవగ్గా దొరికే నిజమైన క్రోషే టాపు వెనక ఎక్కడో ఎవరో కూర్చుని చేత్తో అల్లి ఉంటారు. ధర తక్కువైందంటే తగ్గింది యంత్రం ఖర్చు కాదు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పది రోజులు సంచి లేకుండా బడికొచ్చి చేతిపనులు నేర్చుకోమంటోంది, అదీ మంచిదే. చేతిపని చుట్టూ చదువు ఉండాలని గాంధీగారు 1937లో వార్ధాలో చెప్పిందీ ఇంచుమించు ఇదే. కానీ చరిత్రలో ప్రతిసారీ మనం పిల్లలకి పువ్వు అల్లడం నేర్పి, దాని వెల కట్టడం నేర్పకుండా వదిలేశాం. మాడ్యూల్ రాసి పంపేసి, క్లయింటుకి ఎంత బిల్లు వేశారో తెలియని మనకి ఈ బాధ కొత్తా?

మూడో వారం ఒకబ్బాయి "ఇది ఆడోళ్ళ పని కదా సార్" అని గొణుగుతూనే అందరికంటే ముందు పువ్వు పూర్తిచేశాడు. వెనక బెంచీలో ఒకమ్మాయి తన పువ్వు పైకెత్తి "సార్, దీనికి ఎంతిస్తారు?" అని అడిగింది. మొదట చిరాకేసింది, సరదాగా నేర్పుతుంటే డబ్బులేమిటని. తర్వాత సిగ్గేసింది. నూట ఎనభై ఏళ్ళుగా ఎవరూ అడగనివ్వని ప్రశ్న అది.

బోర్డు మీద లెక్క వేశాం. చెయ్యి తిరిగాక పువ్వుకి ఇరవై నిమిషాలు. చిన్న బల్లగుడ్డకి 48 పువ్వులు. అంటే 960 నిమిషాలు, పదహారు గంటలు. అతుకుపని, దారం ఖర్చు వేరే. గంటకి ఎంత వెయ్యాలన్న దగ్గర క్లాసంతా గోలగోల. బెల్లు కొట్టేశారు.

వచ్చే వారం అక్కణ్ణుంచే మొదలుపెడతాం.